మా ఆయన పేరున్న ఈగ

మా ఆయన పేరు మీద ఇల్లు లేదు, స్థలం లేదు, వాకిట్లో బోర్డు కూడా లేదు. ఒక ఈగ ఉంది. నవ్వండి, ఫరవాలేదు, ఇరవై తొమ్మిదేళ్ళుగా అందరూ నవ్వుతూనే ఉన్నారు. మా తమ్ముడైతే ఎవరింట్లో పెళ్ళయినా సరే ఆయన భుజం మీద చెయ్యేసి, "మా బావ పేరు ఈగకి పెట్టారండీ, దోమ ఇంకా ఖాళీగానే ఉంది, మీకేమైనా ఆసక్తి ఉందా?" అని వచ్చినవాళ్ళనల్లా అడుగుతాడు. ఆయన కోప్పడరు. "ఈగ కాదోయ్, పూల ఈగ" అని సరిదిద్దుతారు, అంతే.

పూల ఈగని మీరూ చూసే ఉంటారు, కందిరీగ అనుకుని చెయ్యి విదిలించి ఉంటారు. ఒంటి మీద పసుపూ నలుపూ చారలుంటాయి గానీ కుట్టడానికి దాని దగ్గర ముల్లు ఉండదు, అంతా వేషమే. పువ్వు ముందుకొచ్చి గాలిలో కదలకుండా ఒక్కచోట నిలబడి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు ఆలోచించి, చటుక్కున మాయమవుతుంది. వాటిలో రకాలు వేలల్లో ఉన్నాయట. మా ఆయన పేరున్నది చాలా చిన్న రకం, బియ్యపు గింజలో సగం. లోకం మొత్తం మీద దొరికింది ఒకే ఒక్కటి, అదీ చచ్చింది.

ఆయన మ్యూజియంలో పురుగుల గది అటెండరు. మూడో అంతస్తు చివర, కిటికీలు శాశ్వతంగా మూసేసిన పొడుగాటి గది. అందులో నాలుగు వందల పన్నెండు చెక్క సొరుగులు, సొరుగుల నిండా గుండుసూదులకి గుచ్చిన పురుగులు, మూలమూలకీ కలరా ఉండలు. చచ్చిన పురుగుల్ని తినడానికని బతికున్న పురుగొకటి ఉంటుందట, అది సొరుగులో దూరిందంటే నెల తిరక్కుండా పిండి మిగులుతుంది. ముప్ఫై మూడేళ్ళు మా ఆయన దాంతో యుద్ధం చేశారు. సాయంత్రం ఆయన కంటే ముందు కలరా ఉండల వాసన ఇంట్లోకి వచ్చేది. పెళ్ళయిన కొత్తలో నాకు పెట్టెలో మడతపెట్టిన శాలువాతో కాపురం చేస్తున్నట్టుండేది.

ప్రతి పురుగు కిందా, అదే గుండుసూదికి, చిటికెన వేలి గోరులో సగమంత చీటీ ఒకటి ఉంటుంది. దాని మీద నాలుగు ముక్కలు రాయాలి. ఎక్కడ దొరికింది, ఏ రోజు, దేని మీద, ఎవరు పట్టారు. చీటీ లేని పురుగు చెత్తతో సమానం అంటారాయన, చీటీలో తప్పుంటే చెత్తకన్నా అన్యాయం అంటారు. అంతంత చిన్న అక్షరాలు రాసీ రాసీ పెద్దవి రాయడం మర్చిపోయారు. ఆయన సరుకుల చీటీ చదవడానికి మూల కొట్టువాడు భూతద్దం కొనుక్కున్నాడు. మా వంటింట్లో పంచదార డబ్బా మీద "పంచదార. వంటిల్లు, రెండో అర. మంగళవారం. మూల కొట్టులో. స్వయంగా" అని రాసి ఉంటుంది. ఇలాంటి మనిషితో వేగడమంటే మాటలా?

ఇక నేను. కుట్టుపని చేస్తాను. గౌన్లు, చొక్కాలు, పైన పూసల పని, చమ్కీల పని. ఆ ఈగకి ఇంత పేరు రావడానికి నా కుట్టుపనే కారణం. ఆ సంగతి ఇరవై తొమ్మిదేళ్ళపాటు నాకు తప్ప ఇంకో ప్రాణికి తెలియదు.

పెళ్ళయిన రెండో ఏడు అది. రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. వంటింటి కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని మిషను అక్కడే వేసుకున్నాను. ఒక శనివారం మధ్యాహ్నం ఈయన వేళకాని వేళ ఇంటికొచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. క్యారియర్ గిన్నె ఒకటి రెండు చేతులతో పట్టుకుని, నిండా నీళ్ళున్నట్టు మెల్లగా నడిచి వచ్చారు.

"అన్నం తినలేదా?" అన్నాను.

"ఇందులో అన్నం లేదు" అన్నారు.

మూత తీస్తే బెండు ముక్క, దాని మీద గుండుసూది, సూదికి చిన్న ఈగ. తల లేదు. పక్కన కాగితం పొట్లం, పొట్లంలో తల.

"సొరుగు మారుస్తుంటే నా చెయ్యి తగిలింది. సోమవారం బయటి దేశం నుంచి ఈగల పండితుడు వస్తున్నాడు. ప్రతి సొరుగూ చూస్తాడట. నువ్వు చమ్కీలు అతికిస్తావు కదా, ఇది కూడా కాస్త..." అని ఆగిపోయారు.

పెళ్ళయ్యాక ఆయన నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి సాయం అది. గొప్పగా అనిపించింది, దాచుకోవడమెందుకు. "ఇదెంత పని, మీరు అలా గుమ్మంలో కూర్చోండి" అన్నాను. ఆయన నిజంగానే వెళ్ళి గుమ్మంలో కూర్చున్నారు.

అప్పుడు కరెంటు లేదు. ఫ్యాను తిరగదు కదా అని ధైర్యంగా పొట్లం విప్పాను. విప్పిన క్షణానే కరెంటొచ్చింది. నెత్తి మీద ఫ్యాను గిర్రుమంది. పొట్లంలో తల లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫ్యాను ఆపి, నేల మీద బోర్లా పడుకుని, మిషను కింద, పొయ్యి పక్కన, చీపురు వెనకాల వెతికాను. ఆవగింజలో నాలుగో వంతు తలకాయని దారం ముక్కలున్న గదిలో ఎవరు పట్టుకోగలరు? బయట నుంచి "అయిందా?" అని వినిపించింది. "ఆరుతోందండీ" అన్నాను. ఆ అబద్ధం దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

కుట్టుపనివాళ్ళకి ఒక అలవాటుంటుంది. చొక్కా గుండీ పోతే ఆ గుండీ కోసమే ఊరంతా వెతకం. గుండీల డబ్బా బోర్లించి, సైజు చూసి, రంగు చూసి, అలాంటిదే ఇంకోటి కుట్టేస్తాం. చొక్కా తొడుక్కునేవాడికి కూడా తెలియదు. నా చెయ్యి కూడా అదే చేసింది, నన్ను అడక్కుండా. కిటికీ గట్టు మీద చచ్చిన చిన్న చిన్న ఈగలు పడి ఉన్నాయి. ఐదింటిని ఏరి, సూదికున్న ఒంటి పక్కన వరసగా పెట్టి చూశాను. మూడోదాని తల నప్పింది. సూది మొనతో తల విడదీసి, చమ్కీల బంక చుక్కలో పదో వంతు పెట్టి, మెడకి ఆనించాను. తిన్నగా కూర్చుంది. మిగిలినవన్నీ ఊడ్చి చెత్తబుట్టలో వేశాను.

ఆయన వచ్చి భూతద్దం పెట్టి ఎంతసేపు చూశారో! తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. అలా కళ్ళకద్దుకున్న మనిషితో, "ఏవండీ, అది వేరే తల" అని ఏ పెళ్ళాం చెబుతుందో మీరే చెప్పండి. సోమవారం పండితుడు చూసి పోయాక చెబుదాంలే అనుకున్నాను.

సోమవారం వచ్చిన ఆ పండితుడు తెల్లగడ్డం మనిషి. సొరుగులన్నీ చకచకా చూసుకుంటూ పోయి, ఈ ఈగ దగ్గర ఆగాడట. మైక్రోస్కోప్ కింద పెట్టాడు. మూడు గంటలు లేవలేదు. లేచి గదిలో గంతులేశాడు. ఈ జాతి ఈగల్లో మగదానికి రెండు కళ్ళూ నడినెత్తిన కలిసిపోయి ఉంటాయి, ఆడదానికి మధ్యలో పాపిడిలా ఖాళీ ఉంటుంది. ఇదేమో ఒళ్ళు ఆడది, కళ్ళు మగవి! సృష్టిలో ఇలాంటిది లేదన్నాడు. ఉండదు మరి, నాకు తెలియదా?

ఇంతకాలం దీన్ని కంటికి రెప్పలా కాపాడింది ఎవరని అడిగితే అందరూ మా ఆయన్ని ముందుకు తోశారు. ఆయన పేరు రాసుకుని, చివర ఏదో తోక తగిలించి, ఆ ఈగకి పెట్టేశాడు. పుస్తకాల్లోకెక్కింది. అక్కడితో నా నోరు కుట్టేసినట్టయింది. సోమవారం అయ్యాక చెబుదామనుకున్నది మంగళవారానికి చెప్పలేనిదైపోయింది.

ఆ తర్వాత జరిగింది చెబితే నన్ను పిచ్చిదనుకుంటారు. ఆ ఈగ చీటీ మీద దూరపు కొండల పేరుంది. అందుకని పండితులు జట్లు జట్లుగా ఆ కొండల మీదికి వలలు పట్టుకుని వెళ్ళారు, రెండోది దొరుకుతుందేమోనని. మొత్తం ఎనిమిది జట్లు. ఒకాయన లోయలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలు నా ఖాతాలోదేనని నాకు నెల రోజులు ముద్ద దిగలేదు. మ్యూజియం గేటు దగ్గర ఆ ఈగకి సిమెంటు బొమ్మ కట్టించారు, గేదంత ఉంటుంది, నెత్తిన కళ్ళు రెండూ కలిపేసి మరీ కట్టారు. పిల్లలు దాని మీదెక్కి ఫోటోలు దిగుతారు. మా అమ్మాయి చిన్నప్పుడు, "నాన్నకి అది పెద్ద కూతురు, నేను చిన్న కూతురిని" అనేది. నవ్వడానికే అనేది, నేనేమో వినబడనట్టు మిషను తొక్కేదాన్ని.

ఆయన మారారా అంటే మారారు. అంతకుముందు ఆఫీసులో ఎవరైనా ఎదురొస్తే గోడకి ఒదిగిపోయి దారిచ్చే మనిషి, ఆ తర్వాత నడిమధ్యలో నడిచేవారు. రోజూ పొద్దున వెళ్ళగానే ఆ సొరుగు తెరిచి ఒకసారి చూసుకుని మూసేవారు. పెద్ద ఉద్యోగం రాలేదు, పెద్ద చదువు లేదు, ఆయనంటూ ఒకరున్నారని ఈ లోకానికి తెలిసింది ఆ ఈగతోనే. అది పోతే ఆయన దగ్గర ఇంకేమీ ఉండదు. అందుకే నేను భయపడేదాన్ని, దొంగసొత్తు ఇంట్లో పెట్టుకున్నట్టు.

రిటైరవడానికి నాలుగు నెలలుందనగా ఒక పరిశోధక పిల్ల దిగింది. కళ్ళద్దాలు, జేబుల నిండా సీసాలు, మనిషి మహా చురుకు. ఒకరోజు ఈయన ఇంటికొచ్చి సంబరంగా చెప్పారు.

"ఆ అమ్మాయి మన ఈగకి పరీక్ష చేస్తుందట. ఒక కాలు, ఒక మీసం ఇస్తే చాలట. దానికి చుట్టాలెవరో, ఏ వంశమో అంతా తేలిపోతుందట!"

నా చేతిలో గౌను జారిపోయింది. "మీసమంటే తల మీదిదా?"

"మరి మోకాలి మీదుంటుందా మీసం?"

"కాలొక్కటీ ఇస్తే చాలదా? లేకపోతే మీసమొక్కటీ ఇవ్వండి. రెండూ ఎందుకు, పాపం!"

"ఒకదానితో ఒకటి సరిపోతే పరీక్ష గట్టిగా ఉంటుందట" అన్నారు.

ఒకదానితో ఒకటి సరిపోవాలట! మర్నాడు ఆయనకి తెలియకుండా మ్యూజియానికి వెళ్ళాను. గేటు దగ్గర సిమెంటు ఈగ ముందు నిలబడితే ఒళ్ళు మండింది. "నీ వల్లే కదే ఇదంతా" అని పైకే తిట్టాను. టికెట్ల ఆవిడ కిటికీలోంచి వింతగా చూసింది. మూడంతస్తులెక్కి ఆ పిల్లని పట్టుకుని, "నీకు మంచి గౌను కుట్టి పెడతానమ్మా, మెడ చుట్టూ పూసలు కూడా వేస్తాను, ఆ ఈగని వదిలెయ్" అన్నాను.

"అయ్యో ఆంటీ, నిన్ననే తీసేసుకున్నాను కాలూ మీసమూ. దానికి నొప్పి ఉండదులెండి, చచ్చిపోయింది కదా" అని నన్ను ఓదార్చింది. ఫలితం మూడు వారాల్లో వస్తుందట.

ఇంక తప్పదని తెలిసిపోయింది. పరాయిదాని నోటి నుంచి ఆయన ఆ మాట వినకూడదు. ఆ ఆదివారం పొద్దున ఆయన కిటికీ పక్కన గోళ్ళు తీసుకుంటుంటే ఎదురుగా కూర్చుని, పొట్లం దగ్గర నుంచి చెత్తబుట్ట దాకా ఒక్క గుక్కలో చెప్పేశాను. గుండీల సంగతి కూడా చెప్పాను, నా తప్పు కొంచెం తగ్గుతుందేమోనని.

ఆయన గోళ్ళ కత్తెర కింద పెట్టారు. తర్వాత, "నా ఈగ తల ఏదీ?" అన్నారు.

"ఊడ్చేశానండీ."

"ఊడ్చేశావా!"

"కనబడలేదు కదా మరి, ఏదో ఒకటి చెయ్యకపోతే మీరు..."

"ముప్ఫై ఏళ్ళు" అన్నారు. ఇరవై తొమ్మిది అని సరిదిద్దబోయి నోరు మూసుకున్నాను. ఎందుకో గోళ్ళన్నీ ఏరి కాగితంలో పొట్లం కట్టి, లేచి వెళ్ళిపోయారు.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. మాటల బదులు చీటీలు పెట్టేవారు. బల్ల మీద గోరంత కాగితం ఉండేది, నేను సూదిలో దారమెక్కించే అద్దాలు పెట్టుకుని చదువుకోవాలి. "మంచినీళ్ళు. ముందు గది. బుధవారం." కోపమొచ్చి నేనూ ఒకటి రాసి పెట్టాను, అరచెయ్యంత అక్షరాలతో, "కాళ్ళున్నాయిగా. వంటిల్లు. లేచి తాగండి" అని. ఆయన దాన్ని చూసి, తేదీ వెయ్యలేదని కింద రాశారు. ఆ రాత చూసి నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. తిడితే బాగుండేది. తిట్టే మనిషైతే తిట్టి మర్చిపోతాడు.

పన్నెండో రోజు చెప్పులేసుకుంటూ, "రా" అన్నారు. ఎక్కడికని అడిగే ధైర్యం లేక వెనకాలే నడిచాను. తిన్నగా మ్యూజియం పెద్ద అధికారి గదికి తీసుకెళ్ళారు. ఆ అధికారి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టింది కూడా మా ఈగ బొమ్మే, ఇత్తడిది.

"సార్, నా పేరున్న ఈగకి ఒళ్ళొకరిది, తల ఒకరిది. పొరపాటు నాదే. చేతిలోంచి తల ఊడగొట్టింది నేను" అన్నారు మా ఆయన.

"అబద్ధం సార్, అతికించింది నేను. మీరూరుకోండి!" అన్నాను.

అధికారి లేచి తలుపేసి వచ్చాడు. "అమ్మా, మెల్లగా. ఎవరు విన్నారు?"

"ఇంకా ఎవరూ వినలేదు."

"హమ్మయ్య. అయితే మీరు అతికించలేదు."

"అతికించాను సార్, ఈ చేతులతోనే!"

"అతికించలేదమ్మా. గేటు దగ్గర అంత బొమ్మ ఉంది, టికెట్ మీద దాని బొమ్మే ఉంది, పిల్లల పుస్తకంలో ఉంది. ఇప్పుడు తల మారిందంటే నేను నా తల ఎక్కడ పెట్టుకోను?" అని, మా ఆయన వైపు తిరిగాడు. "చూడండి, ఇంకో మూడు నెలల్లో రిటైరవుతారు. దండ వేస్తాం, ఈగ ముందు ఫోటో తీస్తాం. తల మొదటి నుంచీ దానిదేనని ఒక్క ముక్క రాసివ్వండి, ఆ పిల్ల పరీక్షని నేను ఆపుతాను."

రాసెయ్యండి, మహానుభావా, రాసెయ్యండి అని లోపల అనుకున్నాను. ఒక్క ముక్క రాస్తే ఆయన పేరు నిలుస్తుంది, నా తప్పు పూడిపోతుంది.

మా ఆయన కాగితం తీసుకున్నారు. జేబులోంచి కలం తీశారు. అధికారి చూస్తుండగా పావుగంట రాసి ఇచ్చారు. అధికారి దాన్ని దగ్గరికి పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు, వెలుతురులో పెట్టాడు. ఒక్క అక్షరం కనబడలేదు. గంట కొట్టి మైక్రోస్కోప్ తెప్పించాడు. కాగితాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ చదువుతుంటే మెల్లమెల్లగా ఆయన మొహం మాడిపోయింది. ఒళ్ళు ఎక్కడిదో, తల ఎక్కడిదో, ఏ బంకో, ఏ ఫ్యానో, అంతా ఉన్నదున్నట్టు రాసి ఉంది.

"నేనడిగింది ఇదా?"

"తప్పు చీటీ రాయడం నాకు రాదు సార్" అన్నారు మా ఆయన. "ఆ పేరు కొట్టెయ్యండి. చాలాకాలం వాడుకున్నాను, చాలు."

ఆ మాట వినగానే నాకు దుఃఖం ఆగలేదు. ఆ గదిలోనే, ఇత్తడి ఈగ ఎదురుగా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన నా వైపు చూడలేదు గానీ, అధికారి బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు తీసి నా ముందు పెట్టారు, అడక్కుండా.

ఫలితం వచ్చినరోజు ఆ పరిశోధక పిల్ల రిక్షా కోసం కూడా ఆగకుండా పరిగెత్తుకుంటూ మా ఇంటికే వచ్చింది. ఆయాసపడుతూ, "సార్, కాలూ మీసమూ వేరువేరు రకాలు. మీరు అధికారిగారికి రాసిచ్చింది నిజమే" అంది.

"తెలుసమ్మా" అన్నారు ఈయన.

"కాలు చాలా మామూలు రకానిది. మురిక్కాలవ పక్కన కలుపు మొక్కల మీద కూడా దొరుకుతుంది. ఆ కొండల మీద తిరిగినవాళ్ళు దాన్ని కొన్ని వందలు పట్టి పారేసి ఉంటారు. కానీ సార్, తల..."

"తలకేమైంది?"

"అది ఎవరిదో తెలీడం లేదు. లోకంలో తెలిసిన ఏ ఈగతోనూ కలవడం లేదు. పండితుడు మీ పేరు పెట్టింది ఆ కళ్ళు చూసి. కాబట్టి నియమం ప్రకారం మీ పేరు తలకి ఉండిపోతుంది. ఒంటికి పోతుంది." ఇంతలో నా వైపు తిరిగింది. "ఆంటీ, ఆ తల తాలూకు ఒళ్ళు ఏది?"

"ఏ ఒళ్ళు?"

"తల తీశాక మిగిలిన ఒళ్ళు! అదే కదా అసలు ఈగ!"

"ఊడ్చేశానమ్మా" అన్నాను.

ఆ పిల్ల అక్కడే గచ్చు మీద కూలబడింది. మా ఆయన కిసుక్కుమన్నారు. పెళ్ళయ్యాక ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. "ఆ తలా ఊడ్చేసింది, ఈ ఒళ్ళూ ఊడ్చేసింది. మా ఇల్లు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుందమ్మా!" అన్నారు.

మ్యూజియం అధికారికి ప్రాణం లేచి వచ్చింది. పేరుంది, తలుంది, బొమ్మ ఉంచుకోవచ్చు. కాకపోతే ఒళ్ళు ఉండకూడదని ఆ పిల్ల పట్టుబట్టింది. నలుగురు మనుషులు వచ్చి రెండు రోజులు సుత్తులతో కొట్టి, గేదంత ఈగలో తల మాత్రం మిగిల్చారు. ఇప్పుడు గేటు దగ్గర పెద్ద సిమెంటు తలకాయ ఒకటి నేల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటుంది. పిల్లలు ఇప్పుడూ ఎక్కుతున్నారు. అప్పటి మా అద్దె ఇల్లు ఎప్పుడో పడగొట్టి అక్కడ టైర్ల కొట్టు పెట్టారు, ఆ కొట్టు ముందు ఆ పిల్ల వారానికి మూడు రోజులు వల పట్టుకుని నిలబడుతోంది. కొట్టువాడు మొదట్లో మతి చెడిందనుకున్నాడు, ఇప్పుడు స్టూలు వేస్తున్నాడు. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

ఇక తలకి కొత్త చీటీ కావాలి. రిటైరయ్యేలోపు తన చేత్తోనే రాస్తానని మా ఆయన నోటు పుస్తకం పట్టుకుని ఒక ఆదివారం నా మిషను ఎదురుగా కుర్చీ వేసుకున్నారు.

"ఎక్కడ?"

"తెలీదా మీకు? పాత ఇంటి వంటింటి కిటికీ గట్టు మీద."

"ఏ వైపు కిటికీ?"

"తూర్పు."

"ఏ రోజు?"

"అది చచ్చి ఎన్నాళ్ళయిందో నాకేం తెలుసండీ! నాకు చెప్పి చచ్చిందా?"

"గట్టు ఎన్నాళ్ళకొకసారి తుడిచేదానివి?"

"రోజూ తుడిచేదాన్ని. ఆ నెలలో తుడవలేదు."

"ఎందుకని?"

"బుద్ధి పుట్టలేదు. రాసుకోండి, ఆ నెలలోనే చచ్చింది."

రాసుకున్నారు. "కిటికీ బయట ఏం మొక్కలుండేవి? ఆ ఈగ దేనికోసమో వచ్చి ఉండాలి కదా."

"గోడ ఉండేది. మొక్కలెక్కడివి? నేనే ఒక రేకు డబ్బాలో ధనియాలు చల్లాను. కొత్తిమీర పెరిగి పూలు పూసింది, తెల్లగా, సన్నగా."

"కొత్తిమీర పూలు పూసేదాకా ఎందుకుంచావు? ముందే కోసి వండుకోవాలి కదా."

మిషను ఆపాను. "కోసేస్తే కిటికీలోంచి చూడ్డానికి ఇంకేముండేది? మీరు ఎనిమిదింటికి వెళితే చీకటి పడ్డాక వచ్చేవారు. కొత్త ఊరు, ఒక్క మనిషి తెలీదు. ఆ పూల దగ్గరికి ఈగలొచ్చి గాలిలో నిలబడేవి, అచ్చం నా మాట వింటున్నట్టు. వాటితో మాట్లాడేదాన్ని."

ఆయన కలం ఆగింది. "ఏం మాట్లాడేదానివి?"

"అవన్నీ మీ చీటీలో పట్టవు లెండి."

కలానికి మూత పెట్టి, పుస్తకం మూసి పక్కన పెట్టారు. "చీటీకి అక్కర్లేదు. నాకు చెప్పు."

ముప్ఫై ఏళ్ళ కిందటి మాటలాయె, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, ఆ రోజుల్లో ఆయన మీద ఆ ఈగలకి చెప్పిన చాడీలతోనే మొదలుపెట్టాను.